గంటకి నాలుగు తొట్లు

పదమూడో తొట్టి సగంలో పెద్దకోడలి చెయ్యి నిలిచిపోయింది.

పిడి పైకి వెళ్లేదాకా వెళ్లింది. అక్కడినుంచి కిందికి రాలేదు. ఆమె పొట్టి మనిషి. పిడి పైకి పోయినప్పుడల్లా మునివేళ్ల మీద లేవాలి, కిందికి దిగినప్పుడల్లా నడుం వంచాలి. పొద్దుటినుంచీ లేచీ వంగీ, లేచీ వంగీ, ఇప్పుడు లేచినచోటే ఉండిపోయింది, కొక్కేనికి తగిలించిన చొక్కాలాగా. ఊపిరి మాత్రం ఆడుతోంది, అదీ పిల్లికూతలతో.

పన్నెండు కావస్తోంది. లెక్క ప్రకారం ఈపాటికి పదహారో తొట్టి అయిపోవాలి.

"అక్కా, ఇటు జరుగు. నేను తిప్పుతాను," అంది చిన్నకోడలు.

"నీ వంతు ఇప్పుడే కదే అయింది."

"అయితేనేం? చేతులు అరిగిపోతాయా?"

తోడికోడలిని భుజంతో మెల్లగా పక్కకి జరిపి పిడి అందుకుంది. పొడుగాటి మనిషి. పిడి ఎంత పైకి పోయినా ఆమె గడ్డం దాటదు. చక్రం మళ్లీ కదిలింది. చెక్కతొట్టి లోపల కొయ్య తెడ్డు ఇటూ అటూ కొట్టుకుంటూ దుప్పట్లను తిరగేసింది. పది దుప్పట్లు, రెండు బిందెల వేడినీళ్లు, గుప్పెడు సబ్బుపొడి, రెండు వందల తిప్పులు. అది ఒక తొట్టి.

వాళ్లిద్దరూ అన్నదమ్ముల భార్యలు. అత్తగారు పోయి పదేళ్లయినా ఆవిడ పిలిచిన పిలుపులే లాండ్రీలో కూడా స్థిరపడిపోయాయి. పెద్దకోడలికి యాభై దాటాయి. భర్త పోయి మూడేళ్లు. మరిది ఇంట్లోనే ఉంటుంది కానీ తన తిండికి తను తెచ్చుకుంటానన్న పట్టుదల ఉన్న మనిషి. కూలి డబ్బులు వచ్చిన రోజున ముందు బియ్యం డబ్బా దగ్గరికి వెళ్లి, తన వాటా పోసి, అప్పుడు కాళ్లు కడుక్కుంటుంది.

"ఈ లెక్క కట్టినవాడు ఒక్కసారి నా చేతికి దొరకాలి," అంది అందరూ గలగల అని పిలిచే మనిషి, దుప్పటి రెండో కొసని బాలింత చేతికిచ్చి మెలిపెడుతూ. ఆమె నోరు ఆగితే లాండ్రీలో ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. "వాణ్ణి ఈ తొట్టిలో వేసి, మూత బిగించి, రెండువందలు తిప్పుతాను. మల్లెపువ్వులా వస్తాడు."

"ఒళ్లు తెల్లగా వస్తుంది గానీ, లోపలి నలుపు పోతుందా అత్తా?" అంది బాలింత. మూడునెలల పిల్లని ఇంట్లో తల్లి దగ్గర వదిలి వస్తోంది ఆ అమ్మాయి.

"పోకపోతే ఇంకో రెండువందలు. కూలి అడగను. ఉత్తపుణ్యానికి తిప్పుతాను."

అందరూ నవ్వారు. చిన్నకోడలు అందరికన్నా ఒక క్షణం ముందే నవ్వింది. ఆర్నెల్లుగా అలా ముందే నవ్వడం ఆమెకి అలవాటైపోయింది.

పెద్దకోడలు మాత్రం నవ్వలేదు. గోడకి ఆనుకుని కూర్చుని, చిన్నకోడలి ముఖం వంక చూసి, చూపు తిప్పుకుంది.

*

మిషను రాకముందు ఆ పెరట్లో తొమ్మిది బండలు ఉండేవి. బండకొక మనిషి. ఆస్పత్రి దుప్పట్లూ, రెండు వసతిగృహాల దుప్పట్లూ తొమ్మండుగురూ బండకేసి ఉతికేవాళ్లు. కూలి రోజుకి ముప్పావలా.

అక్కడొక పద్ధతి ఉండేది. మొదటి బండ ఎప్పుడూ అందరిలోకి ఓపిక తక్కువైన మనిషిది. నెలలు నిండినామె, జ్వరంపడి లేచినామె, వయసు మీదపడినామె, ఆ రోజుకి ఎవరైతే వాళ్లు. ఆమె దెబ్బ వేశాకే రెండో బండ మీద దెబ్బ పడాలి, తర్వాత మూడోది. ఆమె దుప్పటి మార్చేదాకా మిగతా ఎనిమిదిమందీ మార్చకూడదు. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, ఎవరూ ఎవరికీ నేర్పలేదు, కొత్తగా వచ్చినవాళ్లు రెండు రోజుల్లో తామే నేర్చుకునేవాళ్లు. ఇంట్లో కూర్చున్న లాండ్రీ యజమానురాలు అమ్మగారికి వరసగా తొమ్మిది చప్పుళ్లు వినిపించేవి. అందులో ఎవరిది బలమో ఎవరిది నీరసమో ఆవిడకి తెలిసే దారి లేదు.

చిన్నకోడలు కడుపుతో ఉన్నప్పుడు రెండుసార్లూ మొదటి బండ ఆమెదే. తొమ్మిదో నెలలో ఆమె చెయ్యి ఎత్తి దించేలోపు గలగల సగం కథ చెప్పేసేది. ఒక్కరు కూడా విసుక్కోలేదు.

మిగతా రోజుల్లో మాత్రం ఆమెకి ఆ పద్ధతి చేతులు కట్టేసినట్టుండేది. ఎనిమిదిమంది కోసం ఆగి, ఆగి దెబ్బ వెయ్యాలి. ఎద్దుబలం ఆమెది. ఆ బలాన్ని పదేళ్లు ఆ పెరట్లో ఎవరికీ చూపించకుండా దాచుకుంది.

మిషను దిగింది సెలవురోజున. అమ్మగారు కబురుచేసి ఆమెనొక్కదాన్నే పిలిపించింది. మిషన్లాయన అప్పటికే తొట్టిని పెరట్లో నిలబెట్టి, చక్రానికి నూనె పోస్తున్నాడు. మాటకారి. భుజాన వేలాడే సంచి మీద గులాబీ బొమ్మ, దాని చుట్టూ కంపెనీ పేరు.

"కష్టమేం లేదండీ. మగవాళ్లయితే గంటకి మూడు తొట్లు తీస్తారు. ఆడవాళ్లు కాబట్టి రెండు అనుకోండి," అన్నాడు.

"మా పొడుగుమనిషి మగవాళ్లకేం తీసిపోదు," అంది అమ్మగారు.

పదేళ్లలో ఆవిడ నోట అలాంటి మాట వినడం అదే మొదలు. చిన్నకోడలు కొంగు బిగించింది. మిషన్లాయన గడియారం తీశాడు. ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు, ఎవరికోసమూ ఆగక్కర్లేదు. చక్రం మొదట బరువుగా, తర్వాత తేలిగ్గా, ఆ తర్వాత తనంతట తనే లాక్కుపోతున్నట్టుగా తిరిగింది. నీళ్లు తనే నింపింది, తనే పారబోసింది, దుప్పట్లు తనే తీసింది. గంటయ్యేసరికి నాలుగు తొట్లు.

నిజం చెప్పుకోవాలంటే ఆ గంట ఆమెకి హాయిగా ఉంది. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ హాయి గుర్తొస్తుంది. అదే ఆమెను ఎక్కువ బాధపెడుతుంది.

మిషన్లాయన "ఔరా" అనుకుంటూ సంచిలోంచి ఒక వాసన సబ్బు తీసి ఇచ్చాడు. మర్నాడు అమ్మగారు అందరినీ నిలబెట్టి చెప్పింది: "గంటకి నాలుగు తొట్లట. రోజుకి నలభై. మిషన్లాయన లెక్క." అని, ఒక్కసారి చిన్నకోడలి వంక చూసింది. చూపులో బెదిరింపేం లేదు. మనిద్దరికీ తెలిసిన విషయమే కదా అన్నట్టుంది, అంతే. చిన్నకోడలు తల వంచుకుంది. ఆ వంచిన తల మళ్లీ సరిగ్గా ఎత్తలేదు.

వారం తిరక్కుండా ముగ్గుర్ని పొమ్మన్నారు. వాళ్లలో ఒకామె ఇప్పుడు సంత మొదట్లో పాత గోనెసంచులు కుట్టుకుంటూ కూర్చుంటుంది. అటునుంచి అయితే ఇల్లు దగ్గర. చిన్నకోడలు ఆర్నెల్లుగా వెనకసందు చుట్టు తిరిగి ఇంటికి పోతోంది. మిగిలిన ఆరుగురూ వంతులవారీగా పిడి తిప్పుతారు. నలభై తొట్లు తేలినవి ఈ ఆర్నెల్లలో ఎన్ని రోజులో వేళ్ల మీద చెప్పొచ్చు. తేలని రోజున ముప్పావలాలో అణా కోత.

*

అన్నాల వేళకి పదిహేను తొట్లు అయ్యాయి. ఆడవాళ్లు నీళ్లు కాచే పొయ్యి పక్కన నీడకి చేరారు. పెద్దకోడలు డబ్బా పట్టుకుని బావి వెనక్కి నడిచింది. చిన్నకోడలు వెంట వెళ్లింది.

డబ్బా ఒక్కటే, ఇద్దరిదీ. వండేదీ సర్దేదీ పెద్దకోడలే. అన్నం రెండు భాగాలు చేసి పెద్దభాగం చిన్నకోడలి వైపు నెట్టింది.

"అంత నాకెందుకక్కా?"

"తిప్పేదానివి నువ్వు. నా వంతు కూడా తిప్పుతున్నావాయె. తిను."

చిన్నకోడలు ముద్ద కలిపింది కానీ నోట్లో పెట్టుకోలేదు.

"ఇవాళ మధ్యాహ్నం రెండో మిషను దిగుతోంది, తెలుసుగా," అంది పెద్దకోడలు. "అమ్మగారి వంటావిడ చెప్పింది. రెండు మిషన్లకి నలుగురు చాలట. కొత్తది ఇంకా తేలిగ్గా తిరుగుతుందట, గంటకి అయిదు తీస్తుందట. నిన్ను పిలిచి తిప్పించి చూస్తారు. తేలితే రేపటినుంచి ఇద్దరు తగ్గుతారు."

"ఎవరెవరు?"

"అది కూడా చెప్పాలా? ఒకదాన్ని ఎదురుగా పెట్టుకునే అడుగుతున్నావు. రెండోది ఆ పచ్చిబాలింత అయి ఉంటుంది. నీకు మేస్త్రీ పని ఇచ్చి రూపాయి చేస్తారట. మంచిదే. ఇంట్లోకి ఒక్కరి కూలి వచ్చినా ఇద్దరి కూలిలా ఉండాలిగా ఇక."

మాటలు మామూలుగానే ఉన్నాయి. మెతుకులు మాత్రం డబ్బా అంచున ఒక్కొక్కటే ఏరుతోంది. రేపటినుంచి బియ్యం డబ్బా దగ్గరికి ఏ చేతులతో వెళ్లాలా అని ఆమె ఆలోచిస్తున్నట్టు చిన్నకోడలికి తెలిసిపోయింది.

"అక్కా, నీకొకటి చెప్పాలి."

"సబ్బు సంగతా?"

చిన్నకోడలి చేతిలో ముద్ద డబ్బాలో పడింది.

"నువ్వు కొన్నానని తెచ్చిచ్చావు చూడు, వాసన సబ్బు. దాని కాగితం మీద గులాబీ ఉంది. మర్నాడు మిషన్లాయన సంచి మీదా అదే గులాబీ. నాకు చదువు రాదు గానీ బొమ్మ తెలీదా? అంతకుముందు సాయంత్రం నీ అరచేతుల్లో బొబ్బలకి నూనె రాసింది ఎవరు? సెలవురోజున బొబ్బలెలా వచ్చాయని నేనడిగానా?"

"అడగలేదు."

"అడిగితే అబద్ధం చెప్పేదానివి. ఒకటి చాలదూ, రెండోది కూడా ఎందుకని ఊరుకున్నాను."

"మరి ఆ సబ్బు ఎందుకు వాడావక్కా?"

"సబ్బేం పాపం చేసింది? బాగుంది. మీ బావగారు పోయాక ఒంటికి వాసన సబ్బు రాసుకున్నది అదే." పెద్దకోడలు నీళ్లు తాగి, చెంబు చిన్నకోడలికి అందించింది. "నీకు బలం ఉంది. ఒక్కసారి చూపించుకోవాలనిపించింది. నీ వయసులో నాకూ అనిపించేది, నాకెవరూ మిషను ఇవ్వలేదు గనక బతికిపోయాను. దానికి నిన్నేమీ అనను. కానీ గలగల తిట్టినప్పుడల్లా నువ్వు నవ్వుతావు చూడు. అదొక్కటి మాత్రం నేను చూడలేకపోతున్నానే."

చిన్నకోడలికి ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది. బొబ్బలు కాయలైపోయిన అరచేతిని ఒళ్లో పెట్టుకుని, ఇది ఎవరిదో అన్నట్టు చూస్తూ కూర్చుంది.

"చెప్పేస్తే?" అంది.

"ఎవరికి?"

"అందరికీ."

"చెబితే గలగల నీ జుట్టు పట్టుకుంటుంది. అమ్మగారు నీ పని పీకుతుంది. మీ ఆయన నన్ను అంటాడు, మా ఆవిణ్ణి నువ్వే ఎగేశావని. నన్నడక్కు. నేను చెప్పు అంటే నా కూటికోసం చెప్పినట్టుంటుంది, వద్దంటే నీ కూటికోసం ఆపినట్టుంటుంది." ఆమె లేచి డబ్బా కడగడానికి వెళ్లిపోయింది.

*

కొత్త మిషను మూడింటికి దిగింది. దాని చక్రం పాతదానికన్నా పెద్దది, పిడి జానెడు ఎత్తు. చెక్కకి వేసిన వార్నీషు వాసన పెరడంతా నిండింది. అమ్మగారు కుర్చీ వేయించుకుని కూర్చుంది. నెమ్మదైన మనిషి. పనివాళ్లని ఏనాడూ పేరుపెట్టి తిట్టి ఎరగదు. భర్త పోయాక లాండ్రీని ఒంటిచేత్తో నిలబెట్టుకొచ్చింది. మిషన్లాయన ఇవాళ గడియారం ఆవిడ చేతికే ఇచ్చాడు.

"వచ్చావా తల్లీ. నీ సంగతి నేను నాలుగూళ్లలో చెప్పాను. నీ గంటనే చూపించి మిషన్లు అమ్ముతున్నాను," అన్నాడు, మెచ్చుకుంటున్నాననుకుంటూ.

చిన్నకోడలికి ఆ మాట ఛెళ్లున తగిలింది. నాలుగూళ్లు. నాలుగూళ్లలో ఎన్ని పెరళ్లో, ఎంతమంది మునివేళ్ల మీద లేస్తున్నారో.

పని ఆపించి అందరినీ చూడ్డానికి రమ్మన్నారు. గలగల, బాలింత, మిగతా ఇద్దరూ గోడవారగా నిలబడ్డారు. పెద్దకోడలు వాళ్ల వెనక.

వేడినీళ్లు పోశారు. దుప్పట్లు వేశారు. మూత పడింది.

"కానీ," అంది అమ్మగారు.

చిన్నకోడలు పిడి పట్టుకుంది. మెల్లగా తిప్పుదామనుకుంది. మొదటి యాభై మెల్లగానే తిప్పింది. కొత్త చక్రం, నూనె మీద జారినట్టు పోతోంది. చెయ్యి ఆమె మాట వినలేదు. డెబ్బై, ఎనభై దాటేసరికి అదే హాయి భుజంలోంచి దిగి మణికట్టు దాకా వచ్చింది. చక్రం ఆకులు కలిసిపోయి ఒక్కటే పళ్లెంలా కనిపిస్తున్నాయి.

"చూశారా, చూశారా," అన్నాడు మిషన్లాయన. "అయిదు ఖాయం."

"అమ్మో, మనిషి కాదే ఇది," అంది గలగల. ఆ గొంతులో ఈర్ష్య లేదు. తమ మనిషి గొప్పతనం చూసి మురిసిన గొంతు.

చిన్నకోడలు ఆగిపోయింది.

పిడి చేతిని లాక్కుపోబోతే రెండు చేతులా పట్టి నిలబెట్టింది. లోపల నీళ్లు ఒక్క ఊపు ఊగి సద్దుమణిగాయి.

"ఏమైంది? పట్టేసిందా?" మిషన్లాయన నూనెడబ్బా అందుకున్నాడు.

"మిషనుకేం కాలేదు." ఆమె అమ్మగారి వైపు తిరగలేదు. గోడవార వైపు తిరిగింది. "గలగలక్కా, నువ్వు తిడుతున్నది నన్నే. గంటకి నాలుగు ఈయన చెప్పిన లెక్క కాదు. ఈయన రెండన్నాడు. నాలుగు తీసింది నేను. సెలవురోజున పిలిస్తే వచ్చి తిప్పాను. ఎవరూ బలవంతపెట్టలేదు. సబ్బు కూడా పుచ్చుకున్నాను."

గలగల నోరు తెరిచింది. మాట రాలేదు. ఆమె నోట మాట రాకపోవడం ఆ పెరట్లో ఎవరూ చూసి ఉండలేదు.

"ఇప్పుడా పురాణమంతా దేనికి?" అంది అమ్మగారు, గొంతు పెంచకుండానే. "గంట నడుస్తోంది. తిప్పు."

"ఆవేళ ఒక్క గంటే తిప్పానమ్మగారూ. రెండో గంట తిప్పమని మీరు అడగలేదు. తిప్పలేనని నేను చెప్పలేదు. ఆ తర్వాత రెండు రోజులు నేను చేత్తో అన్నం కలపలేదు, మా అక్క కలిపి పెట్టింది. ఒక గంటని పదితో హెచ్చవేస్తే నలభై వచ్చింది. మనిషిని అలా హెచ్చవెయ్యడం కుదరదండీ."

"అయితే ఇప్పుడేమంటావు?"

"రేపు పొద్దున ఎనిమిదినుంచి సాయంత్రం ఆరుదాకా చూడండి. ఆరుగురమూ వంతులేసుకుంటాం. మా అక్క కూడా తిప్పుతుంది. ఆరింటికి ఎన్ని తేలితే అన్ని."

"పొద్దస్తమానం ఇక్కడ కూర్చోవడానికి నాకు వేరే పనుల్లేవా?"

"మరయితే నేను తిప్పనండీ."

తనకే వినపడనంత మెల్లగా అంది. అయినా అందరికీ వినబడింది. పిడి వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది. వదిలాక ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగులో చుట్టుకుంది.

గోడవార అలికిడైంది. ఎవరైనా తనకోసం ఒక మాట అంటారేమోనని చిన్నకోడలు ఆశపడలేదు. తను ఆర్నెల్లు నవ్విన నవ్వులన్నీ వాళ్లు ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటూ ఉంటారు. గలగల ఆమె వైపు చూడటం లేదు, మెడ పక్కకి తిప్పుకుని దండెం మీద ఆరేసిన దుప్పట్ల వంక చూస్తోంది. పెద్దకోడలు మాత్రం చూస్తోంది. ఆ ముఖంలో సంతోషం లేదు, కోపం లేదు. పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు పొయ్యి ఆర్పామా లేదా అని ఆలోచించే మనిషిలా ఉంది.

"నువ్వు పక్కకి నిలబడు. నీ సంగతి తర్వాత చూస్తాను," అంది అమ్మగారు. వరస మీద చూపు నడిపించి బాలింత దగ్గర ఆపింది. "ఇలా రా అమ్మాయ్. నువ్వు పట్టుకో. నీకు పని కావాలా, వద్దా?"

"కావాలండీ," అంది బాలింత.

తడిచేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చింది. రవికె ముందుభాగం పాలతో తడిసి ఉంది. పిల్లకి పాలిచ్చే వేళ దాటిపోయి చాలాసేపయింది. పిడి ఆమె తలకన్నా ఎత్తున ఆగి ఉంది. మునివేళ్ల మీద లేచి, రెండు చేతులా అందుకుంది. అందుకుని, తల మాత్రం వెనక్కి తిప్పి అడిగింది.

"గంటసేపా అమ్మగారూ, సాయంత్రందాకానా?"

ఆ అమ్మాయికి వెటకారాలు చేతకావు. కొత్తపని చెబితే ఎంతసేపని అడిగినట్టే అడిగింది, తెలుసుకుని మొదలుపెడదామని. మూత సందుల్లోంచి ఆవిరి పల్చగా పైకి పోతోంది.

అమ్మగారు గడియారం వంక చూసింది. మిషన్లాయన నూనెడబ్బా కింద పెట్టాడు. గోడవార ఉన్నవాళ్లు ఎప్పుడు కదిలారో తెలియదు, ఒకరొకరుగా ముందుకొచ్చి తొట్టి చుట్టూ చేరారు. గలగల కూడా వచ్చింది. చిన్నకోడలి పక్కనే చోటున్నా అక్కడ నిలబడలేదు. ఆమెను దాటి అవతలికి వెళ్లి నిలబడి, చేతులు కట్టుకుని, అందరితోపాటు అమ్మగారి ముఖం వంక చూడసాగింది, జవాబు కోసం.